రాయి కాపాడిన పచ్చిక సీమ

అమెరికా సంయుక్త రాష్ట్రాల పటాన్ని నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి మడిచి విప్పితే మడతలు కలిసే చోటు కాన్సస్ రాష్ట్రంలో పడుతుంది. ఆ రాష్ట్రపు తూర్పు భాగంలో ఫ్లింట్ హిల్స్ అనే గుట్టల వరుస ఉన్నది. గుట్టలన్న మాటే గాని, కొండ లేదు, అడవి లేదు. కనుచూపు మేర గడ్డి. గాలికి అలలు అలలుగా వంగి లేచే గడ్డి. ఆ పచ్చదనం నడుమ కాటన్‌వుడ్ ఫాల్స్ అనే చిన్న ఊరు. దాని ప్రధాన వీధి చివర, ఎర్రని కప్పుతో, గడియార గోపురంతో, ఒక రాతి సౌధం ఠీవిగా నిలిచి ఉంటుంది. ఇంత చిన్న ఊరికి ఇంత పెద్ద భవనం ఎందుకని చూచినవారికి ఆశ్చర్యం కలుగక మానదు.

అది చేజ్ కౌంటీ న్యాయస్థానం. కౌంటీ అంటే మన జిల్లావంటి పాలనా విభాగం. 1859లో ఏర్పడిన ఈ కౌంటీకి, ఆ తరువాత లింకన్ మంత్రివర్గంలో ఆర్థికమంత్రిగా పనిచేసిన శాల్మన్ చేజ్ పేరు పెట్టారు. 1900 నాటికి ఇక్కడ ఎనిమిదివేల పైచిలుకు జనం ఉండేవారు. 2020 జనగణనలో లెక్కకు వచ్చినవారు సుమారు 2,500 మంది. మనుషులు తగ్గిపోయారు, కట్టడాలు మాత్రం నిలిచిపోయాయి. అవి నిలవడానికీ, గడ్డి మిగలడానికీ మూలకారణం ఒక్కటే: నేలలోని రాయి.

కోట్ల సంవత్సరాల క్రితం ఈ ప్రాంతమంతా సముద్రగర్భం. ఆనాటి జలచరాల గుల్లలు పొరలు పొరలుగా పేరుకొని సున్నపురాయిగా మారాయి. ఆ పొరల నడుమ ఉక్కువంటి చెకుముకి రాయి చేరింది. పైన మట్టి పలుచన. పందొమ్మిదవ శతాబ్దంలో వలస వచ్చిన రైతులు నాగలి దించగానే కర్రు రాతికి తగిలి విరిగింది. ఉత్తర అమెరికాలో ఒకప్పుడు పదిహేడు కోట్ల ఎకరాలలో పెరిగిన నిలువెత్తు గడ్డిభూమి అంతటా దున్నబడి, మొక్కజొన్న చేలుగా, గోధుమ చేలుగా మారిపోయింది. నేడు మిగిలినది నూటికి నాలుగు వంతులలోపే. అందులో అధికభాగం ఈ గుట్టలలోనే ఉన్నది. దున్నడానికి వీలులేని నేల పశువుల మేతకు దక్కింది. ఇల్లు కట్టుకోవడానికి కలప కరువైన మనుషులకు కాలి క్రింది రాయే గోడ అయింది.

న్యాయస్థాన భవనం 1873లో పూర్తయింది. రూపశిల్పి జాన్ హాస్కెల్; కాన్సస్ శాసనసభా భవన నిర్మాణంలోనూ ఆయనకు పాలు ఉన్నది. ఆనాడు పారిస్‌లో వాడుకలో ఉన్న ఏటవాలు కప్పు శైలిని ఆయన పచ్చిక బయలుకు తెచ్చాడు. లోపల అక్రోటు కలపతో చేసిన మెట్లవరుస మెలికలు తిరుగుతూ మూడవ అంతస్తు వరకు సాగుతుంది. ఒకనాడు నేరస్థులను బంధించిన గది కూడా పైనే ఉన్నది. రాష్ట్రంలో నేటికీ వాడుకలో ఉన్న న్యాయస్థాన భవనాలలో ఇదే అతి పురాతనమైనది.

ఆ 1873వ సంవత్సరానికి మరొక ముఖం కూడా ఉన్నది. ఈ నేల కా జాతి ఆదివాసులది. వారిని కాన్సా అని కూడా అంటారు. రాష్ట్రానికి ఆ పేరు వారి వలననే వచ్చింది. పొరుగునున్న కౌన్సిల్ గ్రోవ్ ప్రాంతంలో తమకు మిగిల్చిన కొద్దిపాటి భూమిని కూడా విడిచి, ఆ ఏడాదే వారు దక్షిణాన నేటి ఓక్లహోమాకు తరలిపోవలసి వచ్చింది. ఒకరికి న్యాయస్థానం లేచిన సంవత్సరమే మరొకరికి నేల పోయిన సంవత్సరం. ఈ గోడలను మెచ్చుకొనేవారు ఆ సంగతి కూడా తెలుసుకోవడం ధర్మం.

అక్కడికి కొద్ది మైళ్ల ఉత్తరాన స్ప్రింగ్ హిల్ రాంచ్ అనే పశుక్షేత్రం కనిపిస్తుంది. స్టీఫెన్ జోన్స్ అనే పశువుల వ్యాపారి 1881లో ఇక్కడ పదకొండు గదుల మేడ కట్టించాడు. మేడకంటె గొప్పది దాని ప్రక్కనున్న పశువులశాల. 110 అడుగుల పొడవు, 60 అడుగుల వెడల్పు, మూడంతస్తులు. దానిని గుట్టవాలుకు ఆనించి కట్టినందున గడ్డిబండ్లు మట్టివాలు మీదుగా నేరుగా పై అంతస్తులోకి పోయేవి. ఎంత మక్కువతో కట్టించినా, ఏడేళ్లకే జోన్స్ ఆ ఆస్తిని అమ్మి వెళ్లిపోయాడు.

క్షేత్రం చుట్టూ మైళ్ల కొద్దీ సాగే రాతి ప్రహరీలకు కూడా ఒక చరిత్ర ఉన్నది. పశువులను స్వేచ్ఛగా వదలి మేపే పద్ధతిని కట్టడి చేస్తూ 1867లో వచ్చిన చట్టం, గోడ కట్టుకొన్న రైతుకు పదహారున్నర అడుగులకు నలభై సెంట్ల వంతున ప్రతిఫలం ఇచ్చింది. సున్నం లేదు, బంకమట్టి లేదు. రాతిమీద రాయి పేర్చడమే. అవి నేటికీ నిలిచి ఉన్నాయి.

జోన్స్ ఇచ్చిన స్థలంలోనే 1882లో లోయర్ ఫాక్స్ క్రీక్ బడి వెలసింది. ఒకే గది, ఒకే ఉపాధ్యాయుడు, ఇరవైమందికి మించని పిల్లలు. 1930లో పాఠాలు ఆగిపోయాయి. గుట్టమీద ఒంటరిగా నిలిచిన ఆ తెల్లని బడిని చూడడానికే నేడు చాలామంది అక్కడికి నడచి పోతారు. క్లెమెంట్స్ వద్ద కాటన్‌వుడ్ నదిపై 1880 దశకం చివర కట్టిన రెండు కమానుల రాతివంతెన ఇప్పుడు పాదచారులకే పరిమితం. బజార్ అనే పల్లె దగ్గర ఒక మేతభూమిలో మరొక స్మారకశిల ఉన్నది. 1931 మార్చి 31న అక్కడ విమానం కూలి, ప్రసిద్ధ ఫుట్‌బాల్ శిక్షకుడు నూట్ రాక్నీతో సహా ఎనిమిదిమంది మరణించారు. ఆ విమానపు రెక్క కర్రతో చేసినది. లోహవిమానాల వైపు అమెరికా త్వరగా మొగ్గడానికి ఆ దుర్ఘటన ఒక కారణం.

ఇంత సంపదను కాపాడడం మాత్రం తేలికగా జరుగలేదు. గడ్డిభూమిని జాతీయ ఉద్యానంగా ప్రకటించాలన్న ఆలోచన దశాబ్దాల పాటు నలిగింది. 1961లో ప్రభుత్వ భూముల శాఖామాత్యుడు స్టూవర్ట్ యుడాల్ ఉత్తరాన మరొక కౌంటీలో స్థలం చూడడానికి దిగగా, అక్కడి పశుపోషకుడు ఎదురువచ్చి వెళ్లిపొమ్మన్నాడు. రైతుల భయం అర్థంలేనిది కాదు. ప్రభుత్వం భూమి తీసుకొంటే పన్ను పోతుంది, బడులు నడవవు. తరతరాల మేత వృత్తి అంతరిస్తుంది. ఈ గడ్డి మిగిలినది తమ వలననే కదా అన్నది వారి ప్రశ్న. ఏటా వసంతంలో నిప్పుపెట్టి, చెట్లు మొలవకుండా చూచి, మితంగా మేపినది వారే.

చివరకు 1996లో రాజీ కుదిరింది. దాదాపు 10,900 ఎకరాలతో జాతీయ పచ్చిక పరిరక్షణ క్షేత్రం ఏర్పడింది. కాని ప్రభుత్వ యాజమాన్యం 180 ఎకరాలకు మించరాదని చట్టంలోనే వ్రాశారు. మిగిలిన భూమి ప్రభుత్వేతర సంస్థల చేతిలో ఉన్నది. 2005 నుంచి అందులో అధికభాగం నేచర్ కన్సర్వెన్సీది. పశువుల మేత ఆగలేదు. 2009లో పదమూడు అడవిదున్నలను తెచ్చి ఆ గడ్డిలో వదిలారు.

పాత కట్టడాలను కాపాడడమంటే తాళంవేసి బోర్డు కట్టడమని మనం తరచు భావిస్తాము. చేజ్ కౌంటీ వేరొక పాఠం చెబుతున్నది. అక్కడి న్యాయస్థానంలో నేటికీ వ్యాజ్యాలు నడుస్తున్నాయి, గోడల వెనుక నేటికీ పశువులు మేస్తున్నాయి. గట్టిరాయి ఉన్నందుకే ఆ కట్టడాలు మిగలలేదు. వాటితో పని ఉన్న మనుషులు ఇంకా అక్కడ ఉన్నారు. ఆ రెండువేల ఐదువందల మంది కూడా తరలిపోయిన నాడు, ఎంత గట్టి గోడనైనా గడ్డి కప్పివేయగలదు.