బీరువాలో ఉండిపోయిన తాళంచెవి

ఒక కాలేజీ ల్యాబ్‌లో లినక్స్ సర్వర్ ఉందనుకుందాం. విద్యార్థుల ప్రాజెక్టులన్నీ దాని డిస్కులోనే ఉన్నాయి. కెర్నెల్‌ను అప్‌డేట్ చేసి రీస్టార్ట్ చేస్తే, తెర మీద వరుసలు గబగబా పరుగెత్తి చివరికిలా ఆగిపోయింది: 'కెర్నెల్ పానిక్ - నాట్ సింకింగ్: వీఎఫ్ఎస్: అనేబుల్ టు మౌంట్ రూట్ ఎఫ్ఎస్ ఆన్ అన్‌నోన్-బ్లాక్(0,0)'. డిస్కు పాడైందనుకుని, అంతా చెరిపి మళ్లీ ఇన్‌స్టాల్ చేయబోతారు కొందరు. అప్పుడు ప్రాజెక్టులు నిజంగానే పోతాయి! ఇంతకీ ఆ వాక్యం ఏం చెబుతోంది?

ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ కెర్నెల్. 1991లో హెల్సింకీ విశ్వవిద్యాలయ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ రాసింది దీన్నే. కరెంటు ఇవ్వగానే మదర్‌బోర్డు మీది ఫర్మ్‌వేర్ మేల్కొని, గ్రబ్ అనే చిన్న ప్రోగ్రామును పిలుస్తుంది. గ్రబ్ కెర్నెల్‌ను మెమరీలోకి తెచ్చి పగ్గాలు అప్పగిస్తుంది. కెర్నెల్ ఇక రూట్ ఫైల్ సిస్టమ్‌ను, అంటే మిగతా ప్రోగ్రాములున్న డిస్కు భాగాన్ని తెరవాలి.

ఇక్కడే ఉంది చిక్కు. డిస్కును చదవాలంటే డ్రైవర్ కావాలి. ఆ డ్రైవర్ చాలాసార్లు విడి ఫైలుగా అదే డిస్కులో ఉంటుంది. తాళంచెవిని బీరువాలోనే ఉంచి తలుపు వేసినట్టన్నమాట! మరి గ్రబ్ డిస్కును ఎలా చదివిందంటారా? సాధారణంగా అది ఫర్మ్‌వేర్ సాయం తీసుకుంటుంది. కెర్నెల్ తన సొంత డ్రైవర్ల మీదే ఆధారపడుతుంది.

అందుకే అవసరమైన డ్రైవర్లను 'ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్' అనే మూటగా కట్టి ఉంచుతారు. గ్రబ్ ఆ మూటను కూడా కెర్నెల్‌తోపాటు మెమరీలో పెడుతుంది. ఏ కెర్నెల్ మూట దానిదే. ఒకదాని మూట ఇంకోదానికి పనికిరాదు. అప్‌డేట్ చేసిన ప్రతిసారీ కొత్త మూట తయారవుతుంది. వీటిని దాచే 'బూట్' విభాగం చాలా సర్వర్లలో చిన్నది. పాత కెర్నెళ్లు పేరుకుని అది నిండిపోతే కొత్త మూట సగంలో ఆగిపోతుంది. అప్పుడు వచ్చిన హెచ్చరికను ఎవరూ చదవరు. పాత కెర్నెల్ మెమరీలో నడుస్తూనే ఉంటుంది కాబట్టి తేడా కూడా తెలియదు. నెల తర్వాత రీస్టార్ట్ చేసిన రోజే బయటపడుతుంది.

ఇప్పుడు ఆ వాక్యాన్ని మళ్లీ చూడండి. (0,0) అంటే కెర్నెల్‌కు డిస్కే కనబడలేదని. మూట మీద అనుమానపడవలసింది ఇక్కడే. అదే (8,1) లాంటి సంఖ్య ఉంటే డిస్కు కనబడింది కానీ ఫైల్ సిస్టమ్‌ను తెరవలేకపోయిందని అర్థం. 'నాట్ సింకింగ్' అంటే, ఈ స్థితిలో డిస్కు మీద ఏమీ రాయబోనని. పేరుకు 'పానిక్' గాని, మనకంటే అదే నిబ్బరంగా ఉంది!

రీస్టార్ట్ చేసి, షిఫ్ట్ లేదా ఎస్కేప్ మీట నొక్కితే గ్రబ్ జాబితా వస్తుంది. అందులో పాత కెర్నెల్‌ను ఎంచుకోండి. సర్వర్ లేచిందా, డిస్కు క్షేమమే. 'డీఎఫ్' ఆదేశంతో బూట్ విభాగంలో ఎంత ఖాళీ ఉందో చూడండి. అక్కర్లేని కెర్నెళ్లను ప్యాకేజీ మేనేజర్‌తోనే తొలగించాలి. ఇప్పుడు నడుస్తున్నది ఏదో 'యూనేమ్ -ఆర్' చెబుతుంది. దాని జోలికి వెళ్లకండి. తర్వాత మూట మళ్లీ కట్టాలి. డెబియన్, ఉబుంటుల్లో 'అప్‌డేట్-ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్', ఫెడోరా, రెడ్ హ్యాట్‌లలో 'డ్రాకట్' ఆ పని చేస్తాయి. కొత్త కెర్నెల్ సంఖ్యను మాత్రం ఇవ్వడం మరవకండి. ఇవ్వకపోతే డ్రాకట్ నడుస్తున్న పాతదానికే మూట కడుతుంది. డెబియన్, ఉబుంటుల్లో చివరగా 'అప్‌డేట్-గ్రబ్' నడిపితే, కొత్త మూట గ్రబ్ జాబితాకు ఎక్కుతుంది.

పాత కెర్నెల్ కూడా లేవకపోతే? యూఎస్‌బీ నుంచి నడిచే లినక్స్‌తో కంప్యూటర్‌ను లేపి, డిస్కును చదవడానికి మాత్రమే తెరిచి, ముందుగా ప్రాజెక్టులను వేరేచోటికి కాపీ చేసుకోండి. మరమ్మతు ఆ తర్వాతే.