బెత్తెడు దూరపు పంకా

నా పనిబల్ల మీద ఒక నల్లపెట్టె ఉంది. మూత ఊడదీస్తే లోపల కంప్యూటరు డబ్బాలో తిరిగేలాంటి 12 సెంటీమీటర్ల ఫ్యాను, దాని ముందు సెంటీమీటరు మందాన నల్లటి స్పాంజి, వెనక జాలీ. అంతే. దీన్ని ఫ్యూమ్ ఎక్స్‌ట్రాక్టర్ అంటారు, కొందరు స్మోక్ అబ్సార్బర్ అంటారు. జపాన్‌కు చెందిన హక్కో కంపెనీ ఎఫ్‌ఏ-400 ఈ జాతిలో బాగా పేరున్నది. దాని పోలికలతో పుట్టిన చవకరకాలకు లెక్కలేదు, నాది ఆ లెక్కలేని వాటిలోది. సోల్డరింగ్ చేస్తున్నప్పుడు లేచే పొగని నా ముక్కుకంటే ముందు తాను లాక్కోవాలి. అదీ దాని ఉద్యోగం.

మొదటి వారం ఉద్యోగం చేస్తున్నట్టే అనిపించింది. చప్పుడైతే బాగానే చేసేది. కానీ సోల్డరింగ్ ఐరన్ మొనకి సోల్డర్ తీగ తగిలించినప్పుడల్లా సన్నటి నీలిపొగ తీగలా లేచి, పెట్టెను పలకరించకుండా సరాసరి నా ముక్కు దగ్గరికే వచ్చేది. అనుమానం ఆగక ఒక రాత్రి దేవుడి గూట్లోంచి అగరొత్తి తెచ్చి వెలిగించాను. పెట్టెకు బెత్తెడు దూరంలో పట్టుకుంటే పొగ వంగి, ఎవరో తాడు పట్టి లాగినట్టు స్పాంజిలోకి పోయింది. జానెడు దూరం జరిపాను. పొగ నిటారుగా పైకి పోయింది. పక్కన ఫ్యాను తిరుగుతున్న సంగతే దానికి తెలియదు. ఇన్నాళ్ళూ నేను పెట్టెను ఉంచింది జానెడున్నర దూరంలో!

అసలీ పొగ ఏమిటో ముందు తేల్చుకోవాలి. మన మెకానిక్కులు సోల్డర్ తీగను లెడ్ అనే పిలుస్తారు. అందుకే పొగ కనబడగానే సీసం ఆవిరి అనుకుంటాం. కాదు. సీసం 327 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది, మరిగేది 1749 దగ్గర. 63 పాళ్ళు తగరం, 37 పాళ్ళు సీసం కలిసిన మామూలు సోల్డర్ 183 డిగ్రీలకే కరుగుతుంది కాబట్టి ఐరన్ మొన 350 దగ్గర ఉంటే చాలు. ఆ వేడికి గాల్లో కలిసే సీసం లెక్కలోకి రానంత తక్కువ. సీసం మనలోకి వెళ్ళే దారి వేరు. తీగ పట్టుకున్న వేళ్ళతోనే మరమరాలు బొక్కితే నోట్లోంచి పోతుంది. దానికి మందు సబ్బూ నీళ్ళూ, ఫ్యాను కాదు.

పొగ వచ్చేది తీగ కడుపులో దాచిన ఫ్లక్స్ నుంచి. కళాయి వేసేవాళ్ళు వీధిలోకి వచ్చిన రోజులు గుర్తున్నవాళ్ళకి ఇది ఇట్టే అర్థమవుతుంది. బాగా కాలిన ఇత్తడి గిన్నెలో నవాసారం చల్లగానే గుప్పున తెల్లపొగ లేచేది. ఆ పొగ తగరానిది కాదు, నవాసారానిది. గిన్నె మీది చిలుమును తినేసి లోహాన్ని బయటపెట్టడం దాని పని. అప్పుడుగానీ తగరం అంటుకోదు. ఎలక్ట్రానిక్స్‌లో అదే పని రోజిన్ చేస్తుంది. పైన్ చెట్ల బంకను కాచి టర్పెంటైన్ లాగేస్తే మిగిలే పచ్చటి గాజులాంటి ముద్ద ఇది. మన గుగ్గిలానికి దూరపు చుట్టం. వయొలిన్ విద్వాంసులు కమానుకు రాసుకునేదీ ఇదే. పాశ్చాత్య దేశాల్లో దీనికి కొలోఫనీ అని ఇంకో పేరు. నేటి టర్కీ పడమటి తీరం దగ్గర ఒకప్పుడు వెలిగిన కొలోఫోన్ అనే గ్రీకు పట్నం పేరది. చల్లగా ఉన్నంతసేపూ రోజిన్ ఎవరి జోలికీ పోదు. వేడెక్కితే అందులోని అబియెటిక్ ఆమ్లం రాగి మీది చిలుమును కరిగిస్తుంది. చల్లారితే మళ్ళీ నోరు మూసుకుంటుంది. సర్క్యూట్ బోర్డుకు ఇంతకంటే మంచి పనివాడు దొరకడు. 1921లో జర్మనీలో ఎర్న్‌స్ట్ జాక్స్ కరెంటుతో వేడెక్కే ఐరన్‌ని ఫ్యాక్టరీలకు అందించాడు. రేడియోలూ, ఆ తరవాత టీవీలూ ఇంటింటికీ చేరాయి. వాటి కోసం వేలాదిమంది, ముఖ్యంగా ఆడవాళ్ళు, బల్లల ముందు వంగి కూర్చుని రోజంతా ఈ బంకను కాలుస్తూ వచ్చారు.

వాళ్ళ ఊపిరి ఎలా ఉందని అడిగినవాళ్ళలో లండన్ బ్రాంప్టన్ హాస్పిటల్‌కు చెందిన జాక్ పెపీస్ బృందం ముఖ్యమైనది. అనుమానం ఉన్న పదార్థాన్ని రోగి చేత ఆస్పత్రిలోనే, డాక్టర్ల కళ్ళముందే, పనిలో వాడినట్టు వాడించి ఊపిరితిత్తుల బలం ఎలా మారుతోందో గంటల తరబడి కొలవడం వాళ్ళ పద్ధతి. సోల్డర్ ఫ్లక్స్ పొగతోనూ, విడిగా కొలోఫనీతోనూ ఉబ్బసం రాగలదని 1976లో ప్రచురించారు. షెర్వుడ్ బర్జ్, ఆయన సహచరులు ఒక ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీ కార్మికుల్ని పరీక్షించి, ఆ ఫలితాలను 1979లో థొరాక్స్ పత్రికలో రాశారు. ఈ జబ్బులో ఒక మెలిక ఉంది. నెలలు, ఏళ్ళు ఏమీ కాకపోవచ్చు. ఒకసారి ఒంటికి పడకుండా పోయిందంటే మాత్రం తరవాత కాస్త పొగకే ఆయాసం వస్తుంది. బ్రిటన్‌లో ఇప్పుడు పనిచోటి గాలిలో రోజిన్ ఫ్లక్స్ పొగకు పరిమితి 8 గంటల సగటున ఘనపు మీటరుకు 0.05 మిల్లీగ్రాములు, 15 నిమిషాల సగటున 0.15. ఆదివారం రెండు గంటలు బోర్డు ముందు కూర్చునే నాలాంటివాడికి ఫ్యాక్టరీలో పనిచేసే మనిషికున్నంత ముప్పు లేదు, నిజమే. కానీ సరైన ఫ్యాక్టరీలో గాలి లాగే గొట్టాలుంటాయి. నా గదిలో ఉన్నది సీలింగ్ ఫ్యాను.

సీసం లేని సోల్డర్ వాడితే బాధ తీరుతుందా అని అడుగుతారు కొందరు. యూరప్ 2006 జులై 1 నుంచి చాలా వస్తువుల్లో సీసం సోల్డర్‌ని ఆపేసింది. బదులుగా వచ్చిన తగరం, వెండి, రాగి మిశ్రమం కరగడానికే సుమారు 217 డిగ్రీలు కావాలి. మొన ఇంకా వేడెక్కాలి, ఫ్లక్స్ ఇంకా ఘాటుగా ఉండాలి. సీసం తగ్గింది గానీ పొగ తగ్గలేదు.

ఇక స్పాంజి సంగతి. అది నల్లగా ఉన్నది రంగు వేసినందుకు కాదు, యాక్టివేటెడ్ కార్బన్ పట్టించినందుకు. అంటే బొగ్గే, పై చదువులు చదివిన బొగ్గు. బొగ్గు వాయువులను తనలోకి లాక్కుంటుందని 1773లో స్వీడన్ రసాయనవేత్త షీలే గమనించాడు. మురికి ద్రావణాల రంగు విరుస్తుందని 1785లో సెయింట్ పీటర్స్‌బర్గ్ మందుల శాలలో పనిచేసే టోబియాస్ లోవిట్జ్ కనిపెట్టాడు. 1854లో స్కాట్లండ్ వాడైన జాన్ స్టెన్‌హౌస్ రెండు జాలీల నడుమ బొగ్గు నింపి ముఖానికి కట్టుకునే ముసుగు చేశాడు. అరవై ఏళ్ళ తరవాత అదే ఊహ లక్షలమందికి అవసరపడింది. 1915 ఏప్రిల్ 22న బెల్జియంలోని ఈప్ర దగ్గర జర్మన్ సైన్యం మొదటి ప్రపంచ యుద్ధంలో విషవాయువైన క్లోరిన్ వదిలింది. ఆ ఏడాదే రష్యాలో నికొలాయ్ జెలిన్‌స్కీ యాక్టివేటెడ్ బొగ్గుతో ముసుగు తయారు చేశాడు. 1918లో అమెరికా ప్రభుత్వం పీచ్ పళ్ళ టెంకలు పారేయకండి, సైనికుల ముసుగులకు బొగ్గు కావాలి అని జనాన్ని అడిగింది. టెంకలకంటే మేలైనది కొబ్బరి చిప్ప. దాని బొగ్గు గట్టిగా ఉంటుంది, రంధ్రాలు అతి సన్నగా ఉంటాయి. కొబ్బరిలో ఏదీ పారేయరని కొబ్బరికి పేరున్న అంబాజీపేట వాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. మేలురకం బొగ్గు ఒక గ్రాములోని రంధ్రాల గోడలన్నీ విప్పి పరిస్తే వెయ్యి చదరపు మీటర్లు, ఇంచుమించు పావెకరం.

ఇంత చరిత్ర ఉన్న బొగ్గు నా పెట్టెలో మాత్రం సగం పనే చేస్తుంది. బొగ్గు పట్టేది వాయువుల అణువులను. కాలిన రోజిన్‌లోంచి వాయువులు కొన్ని వస్తాయి, వాటి వరకు సరే. కంటికి కనబడే ఆ నీలిపొగ వాయువు కాదు. ఆవిరైన రోజిన్ గాలి తగిలి మళ్ళీ గడ్డకట్టిన జిగురు తుంపర, ఎక్కువ భాగం మైక్రానుకంటే చిన్నది. స్పాంజి కన్నాలు దానికి సింహద్వారాలు. పైగా గాలి సెకనుకు మీటరున్నర వేగంతో సెంటీమీటరు మందం దాటడానికి పట్టేది 7 మిల్లీసెకన్లు. రెప్పపాటులో పదోవంతు కూడా కాదు. కొంత జిగురు స్పాంజికి అంటుకుంటుంది, నెలలు గడిస్తే అట్టకడుతుంది కూడా. మిగిలింది వెనక జాలీలోంచి మళ్ళీ గదిలోకే.

ఆ తుంపరను పట్టే వడపోత లేదా అంటే ఉంది, హెపా. రెండో ప్రపంచ యుద్ధకాలంలో అమెరికా అణుబాంబు పనిలో రేడియోధార్మిక ధూళిని ఆపడానికి పుట్టింది. పెద్ద రేణువులు తిన్నగా వచ్చి పోగులకు గుద్దుకుంటాయి. మరీ చిన్నవి గాలి అణువుల తోపులాటలో తూలుతూ తూలుతూ వచ్చి అతుక్కుంటాయి. మధ్యరకం, 0.3 మైక్రాన్ల చుట్టుపక్కలవి, రెండిటికీ తేలిగ్గా చిక్కవు. హెపాను వాటితోనే పరీక్షిస్తారు, 99.97 శాతం ఆపాలి. అయితే అంత దట్టమైన కాగితంలోంచి గాలి లాగడం నా పెట్టెలోని ఫ్యాను వల్ల కాదు. రెక్కల ఫ్యాను ఎదురు లేనిచోట మహావీరుడు, అడ్డం పెడితే ఉన్నచోటే తిరుగుతుంది. హెపా కావాలంటే బ్లోయరు కావాలి, దాంతో ధర, బరువు, రొద. స్పాంజి పలచగా ఉండటం పిసినారితనం కాదు, ఆ ఫ్యాను మోయగలిగినంత బరువే దాని మీద పెట్టారు.

సరే, వడపోత సగమే అనుకుందాం. పీల్చడమైనా ఎందుకు జానెడు దూరం చేరదు? కేకు మీది కొవ్వొత్తిని ఊది ఆర్పుతాం. అంతే దూరం నుంచి పీల్చి ఆర్పండి చూద్దాం. ఊదిన గాలి ఒకే దిక్కున బాణంలా పోతుంది. పీల్చినప్పుడు గాలి ముందు నుంచే రాదు, పక్కల నుంచి, పైనుంచి, వెనక నుంచి కూడా వస్తుంది. నాలుగడుగులు వేసేసరికి బలమంతా అన్ని దిక్కులకూ పంచేసినట్టే. 1930ల్లో అమెరికాలో డల్లావాలే అనే ఇంజనీరు దీన్ని కొలిచి సూత్రం కట్టాడు. సెకనుకు లాగే గాలి పరిమాణాన్ని, దూరం వర్గాన్ని పదింతలు చేసి మూతి వైశాల్యం కలిపిన మొత్తంతో భాగించాలి. వచ్చేది ఆ దూరంలో గాలి వేగం. నా పెట్టె నిమిషానికి ఘనపు మీటరు లాగుతుందనుకుంటే, మూతి దగ్గర సెకనుకు మీటరున్నర. బెత్తెడు, అంటే ఏడున్నర సెంటీమీటర్ల దగ్గర సెకనుకు పాతిక సెంటీమీటర్లు. జానెడు దగ్గర మూడు. మెల్లగా లేచే పొగను నిలకడగా ఉన్న గాలిలో పట్టాలంటే కనీసం పాతిక కావాలంటారు పరిశ్రమల్లో గాలి గొట్టాలు వేసేవాళ్ళు. అగరొత్తి నాకు చెప్పినదీ అదే.

పైన తిరిగే సీలింగ్ ఫ్యాను ముందు ఈ మూడు సెంటీమీటర్లు ఎంత? విజయవాడ మే నెలలో దాన్ని ఆపమని ఎవరికీ సలహా ఇవ్వను. ఒకటో నంబరు మీద పెట్టుకోండి. పొగ పనిగట్టుకుని ముక్కు వైపే వస్తుందని అందరూ అంటుంటారు. అందులో మాయ లేదు. వేడి పొగ నిలువునా లేస్తుంది, మనం జాయింటు సరిగ్గా కనబడాలని దాని నెత్తిన వంగి ఉంటాం. తల కాస్త పక్కకు పెట్టుకుని కూర్చోవడం పైసా ఖర్చులేని ఎక్స్‌ట్రాక్టర్. కొన్ని ఫ్యాక్టరీల్లో ఐరన్‌కే సన్నటి గొట్టం కట్టి పొగ పుట్టినచోటే లాగేస్తారు. దూరం సెంటీమీటరుకు మించదు కనుక కొద్దిపాటి గాలి చాలు. డల్లావాలే సూత్రాన్ని అంత పొదుపుగా వాడుకున్నవాళ్ళు ఇంకెవరూ లేరు.

నేను చేసింది అంతకంటే మోటు పని. వంటింటి చిమ్నీకి వాడే మడతల వెండిరంగు గొట్టం నాలుగంగుళాలది కొన్నాను. కిటికీ అద్దం ఒకటి తీసి ప్లైవుడ్ ముక్క బిగించి, దానికో బ్లోయరు పెట్టి, గొట్టం రెండో కొసను బోర్డుకు బెత్తెడు దూరం దాకా లాగాను. బొగ్గు లేదు, హెపా లేదు. పొగ బయటికి పోతుంది. కిటికీ అవతల గోడ తప్ప ఎవరి కిటికీ లేదని ముందే చూసుకున్నాను. నల్లపెట్టె ఇప్పటికీ బల్ల మీదే ఉంది. చిన్న చిన్న అతుకులకు దాన్ని బోర్డు మీదికి ఒరిగేంత దగ్గరగా లాక్కుంటాను. ఐరన్ తిప్పడానికి చోటు చాలక విసుగొస్తుంది. కానీ పొగ మాత్రం వంగుతుంది.

చిన్నప్పుడు మా వీధిలో రేడియోలు బాగుచేసే ఆయన ఉండేవాడు. పిల్లలందరం రేడియో మామయ్య అనేవాళ్ళం. సరిగా అతుక్కోని డ్రై సోల్డర్ ఎక్కడుందో వేలితో బోర్డు తట్టి పట్టేసేవాడు. ఆయనకు ఏ పెట్టే లేదు. లెడ్ పెట్టి, పొగ లేవగానే పెదాలు సున్నా చుట్టి ఫూ అని ఊదేవాడు. డల్లావాలే పేరు వినకుండానే పీల్చడం కంటే ఊదడం దూరం పోతుందని కనిపెట్టాడన్నమాట. పొగ ఆయన ముఖం దగ్గరికి ఎప్పుడూ వచ్చేది కాదు, బల్లకు అవతలి వైపు పోయేది. పైన్ బంక వాసన నాకెంతో ఇష్టంగా ఉండేది. బల్లకు అవతల, గడ్డం చెక్కకు ఆనించి, రోజూ సాయంత్రం కూర్చునేది నేనే.