ఇంటికి వచ్చిన సారమేయము

భారతమున ఆదిపర్వారంభముననే వినవచ్చు మొఱ యొక తల్లికుక్కది. జనమేజయుని యాగశాలచెంత ఏ తప్పును చేయని తన పిల్లను రాజు తమ్ములు కొట్టగా, దేవశుని యగు సరమ రాజు నెదుటికే వచ్చి న్యాయమడిగెను; దీనుల కపకారము చేయువారికి అనుకోని భయము వచ్చునని చెప్పి వెడలెను. కుక్కకు సారమేయమను పేరు ఆమెవలన వచ్చినదే. ధర్మరాజు వెంట నడచిన కుక్క నందఱు నెఱుగుదురు గాని, ఈ తల్లిని తలచువారు తక్కువ.

మన వరంగల్లువారికి ఆ భయము కథలోనిది మాత్రమే కాదు. 2023 మే నెలలో కాజీపేటలో, పొట్టకూటికై వలసవచ్చిన కుటుంబపు బాలుని వీథికుక్కలు కరచి చంపినవి. బిడ్డలు గల తల్లికి కుక్కయన్న గుండె ఝల్లుమనుట సహజము. దానిని నేను తేలికచేసి మాటలాడజాలను. అయితే ఒకచోటి కుక్కలను తఱిమినచో, ఆ చోటికి వేఱొక గుంపు వచ్చును. అందుచేతనే 2023 నాటి కేంద్రనియమములు, వీథికుక్కలకు సంతానము కలుగకుండ శస్త్రచికిత్స చేసి, రేబిస్ టీకా వేసి, పట్టినచోటనే విడువుమనుచున్నవి. బడులు, ఆసుపత్రులు, రైల్వేస్టేషన్లవంటి తావులలో పట్టినవానిని మాత్రము తిరిగి అచ్చట విడువరాదని 2025 నవంబరులో సుప్రీంకోర్టు ఆదేశించెను. అంతకుముందు ఆగస్టులో ఆ న్యాయస్థానమే, కోరినవారు పురపాలకసంఘమునకు అర్జీ పెట్టుకొని వీథికుక్కను పెంచుకొనవచ్చుననియు, అది మరల వీథి కెక్కకుండ చూచు బాధ్యత వారిదే యనియు చెప్పినది.

హైదరాబాదులో 1992లో అమల అక్కినేనిగారు స్థాపించిన బ్లూక్రాస్ సంస్థ, దెబ్బతిన్న మూగజీవములకు వైద్యము చేయించి, పెంచువారికి కుక్కపిల్లల నిచ్చుచున్నది. మన యూరను ఇట్టి పని చేయు యువకులు కొందఱు కలరు. వారి నడుగవచ్చువారు చాలవఱకు మగపిల్లనే కోరుదురట! ఆడదైన ఈనునని వెఱపు. ఆడపిల్ల యనగానే చేయి వెనుకకు తీయు అలవాటు మనకు కుక్కలయెడ గూడ పోలేదు గాబోలు. తగిన వయసున శస్త్రచికిత్స చేయించిన ఆ చింతయే యుండదు.

మా యింటికి వచ్చినది ఆడపిల్లయే. మురికికాలువలో దొరకినదట. మూడు దినములు మంచముక్రిందినుండి వెలికి రాలేదు. పిలువక, తాకక, పెరుగన్నపు గిన్నె నుంచి దూరముగా కూర్చుండెడిదానను. నాల్గవనాడు నా చీరచెంగు వాసన చూచినది. మడి చెడునని మా అత్తగారు దానిని వంటయింటి గడప దాటనీయలేదు. ఆ నియమమును అది మా పిల్లలకంటె త్వరగా నేర్చుకొన్నది.

కుక్కపిల్లను తెత్తమని మారాము చేయునది పిల్లలు, దానికి పెట్టునది తల్లి. పది పండ్రెండేండ్ల చాకిరి యిది. కావున ఇల్లాలి సమ్మతి లేక తేరాదని నా మతము. ఆఱు మొదలు ఎనిమిది వారముల లోపల మొదటి టీకా, మూడవ నెలలో రేబిస్ టీకా వేయించి, పిమ్మట పశువైద్యుడు చెప్పిన గడువులను తప్పరాదు. ఉల్లి, ద్రాక్ష, చాక్లెట్ కుక్కలకు విషము. ఉడికిన కోడియెముకలు ప్రేగులలో గ్రుచ్చుకొనును. తినునప్పుడును నిద్రించునప్పుడును దానిని కదపవలదని పిల్లలకు నేర్పవలెను. పెంపుడుదైనను, పంటిగాటు పడినచో సబ్బుతో ధారనీటిక్రింద పదునైదు నిమిషములు కడిగి, ఆ దినముననే ఆసుపత్రికి పోవలెను. పసుపు, కారము అద్దుట మానుడు. రేబిస్ లక్షణములు పొడసూపినపిమ్మట బ్రదికించు మందు లేదు.

ఊరికి పోవునప్పుడు ఎవరి కప్పగింతుమో ముందే చూచుకొనవలెను. మేము మేడారము జాతరకు పోయినపుడు ప్రక్కింటి వదినగారు దాని నుంచుకొన్నారు. మొదట దాని గొలుసు పట్టుటకే జంకిన ఆమె, ఆ కుఱ్ఱవాండ్రయొద్ద మఱియొక ఆడపిల్ల యున్నదేమో కనుగొనుమని మొన్న నన్నడిగినారు.