లంగరు

లంగరు అనగా ఓడ లేదా పడవ గాలికి, ప్రవాహానికి కొట్టుకొనిపోకుండా ఒకచోట నిలిపి ఉంచే బరువైన సాధనము. దీనిని గొలుసుతో గాని, మోకుతో గాని ఓడకు కట్టి నీటి అడుగుకు దించుతారు. దించుటను లంగరు వేయుట అనియు, పైకి లాగుటను లంగరు ఎత్తుట అనియు అంటారు.

పదం పుట్టుక

ఈ మాట పారశీక భాషలోని లంగర్ నుండి వచ్చినది. హిందీ, ఉర్దూలలో లంగర్, కన్నడంలో లంగరు, తమిళ మలయాళాలలో నంగూరం అను రూపాలు కలవు. ఆంగ్లంలోని యాంకర్ అను పదానికి మూలం వేరు. అది గ్రీకు భాష నుండి లాటిన్ ద్వారా ఆంగ్లానికి చేరినది. వంపు తిరిగినది అను భావం అందులో ఉన్నది.

పనిచేయు విధానం

అతి ప్రాచీనమైన లంగర్లు రంధ్రం చేసిన రాళ్ళు. గుజరాత్ తీరంలోని ద్వారక, బేట్ ద్వారకల వద్ద జరిగిన సముద్రగర్భ పరిశోధనలలో ఇటువంటివి అనేకం లభించాయి. రాతి లంగరు ముఖ్యంగా తన బరువుతోనే ఓడను ఆపుతుంది. ఇనుప లంగరుకు కొక్కేల వంటి కొనలు ఉంటాయి. ఓడ గొలుసును అడ్డంగా లాగినపుడు ఈ కొనలు ఇసుకలో గాని, బురదలో గాని దిగబడి పట్టునిస్తాయి. నిటారుగా పైకి లాగితే ఊడివస్తాయి. అందువలన గొలుసును నీటి లోతుకంటే చాలా ఎక్కువ పొడవున వదలాలి. చిన్న పడవలకు సాధారణంగా లోతుకు 5 నుండి 7 రెట్లు వదులుతారు.

గాలి తీవ్రమైనపుడు లంగరు పట్టు తప్పవచ్చును. 2020 అక్టోబరులో వాయుగుండం సమయంలో విశాఖపట్నం రేవు వెలుపల లంగరు వేసి ఉన్న బంగ్లాదేశ్ సరుకు నౌక "ఎం.వి. మా" అలల తాకిడికి నిలవలేక తెన్నేటి పార్కు వద్ద ఒడ్డుకు కొట్టుకొని వచ్చింది. ఇటువంటి ప్రమాదం ఉన్నందుననే తుఫాను హెచ్చరిక వెలువడినపుడు రేవు వెలుపలి ఓడలను నడిసముద్రానికి పంపుతారు.

ఇతర అర్థాలు

* పారశీకంలో లంగర్ అనగా అన్నదానం జరిగే చోటు అని కూడా అర్థం. సిక్కుల గురుద్వారాలలో కులమత భేదం లేకుండా అందరికీ ఉచితంగా భోజనం పెట్టే వంటశాలకు లంగర్ అను పేరు ఇట్లు వచ్చినదే.
* తెలుగు వాడుకలో "లంగరు అందలేదు" అనగా విషయం అంతుపట్టలేదని అర్థం.
* దూరదర్శన కార్యక్రమాన్ని నడిపించే వ్యక్తిని యాంకరు అంటారు. ఈ మాట మాత్రం ఆంగ్లం నుండి వచ్చినది.