కారు దిగనక్కర్లేని సినిమా

న్యూజెర్సీ దక్షిణాన చెర్రీ హిల్ వైపు ఇళ్లు కొనుక్కున్న తెలుగువాళ్లు ఫిలడెల్ఫియా వెళ్లాలంటే చాలావరకు డెలవేర్ నది మీది బెన్ ఫ్రాంక్లిన్ వంతెన ఎక్కుతారు. ఆ వంతెనకు దారి తీసే రోడ్డు అడ్మిరల్ విల్సన్ బులవార్డ్. అక్కడ ఆగి చూడాల్సిందంటూ ఏమీ కనిపించదు, ఎవరూ ఆగరు కూడా. ప్రపంచంలో మొదటి డ్రైవ్-ఇన్ థియేటర్ 1933 జూన్ 6, మంగళవారం రాత్రి మొదలైంది ఆ రోడ్డు పక్కనే, కామ్‌డెన్ ఊరి అంచున, పెన్సాకెన్‌లో. అంతకుముందు ఆరుబయట బొమ్మ వేసి, కార్లను దగ్గరికి రానిచ్చినవాళ్లు లేకపోలేదు. కానీ కార్లో కూర్చుని చూడటానికే స్థలాన్ని చెక్కి, దానికి పేటెంటు కూడా పుచ్చుకున్నది ఇక్కడే.

ఆ పని చేసిన రిచర్డ్ హోలింగ్స్‌హెడ్ సినిమావాడు కాదు. కామ్‌డెన్‌లో వాళ్ల నాన్నకు కార్లకు వాడే పాలిషులు, గ్రీజులు తయారుచేసే కంపెనీ ఉండేది. కొడుకు అందులో అమ్మకాలు చూసేవాడు. ఈ కథ మొత్తానికి కీలకం అదే అనిపిస్తుంది నాకు. అతనికి సినిమా తెలియదు, కారు తెలుసు.

అప్పుడు ఆర్థిక మాంద్యం. చేతిలో డబ్బు ఆడక జనం ఒక్కో ఖర్చూ తగ్గించుకుంటున్నారు. ఎంత కష్టమొచ్చినా చివరిదాకా వదులుకోనివి ఏమిటని అతను లెక్కవేసుకున్నాడట. తిండి, బట్ట, కారు, సినిమా. మొదట అనుకున్నది ఓ హంగుల పెట్రోల్ బంకు. బండిలో పెట్రోలు పోసేలోగా జనం తింటూ బొమ్మ చూస్తారని. పోనుపోను బంకు పక్కకు తప్పుకుంది, బొమ్మ మిగిలింది.

రివర్టన్‌లో వాళ్ల ఇంటి పెరడే ప్రయోగశాల అయింది. కారు బానెట్ మీద కొడాక్ ప్రొజెక్టర్ పెట్టాడు. రెండు చెట్లకు తెర కొట్టాడు. తెర వెనక రేడియో పెట్టి, కారు అద్దాలు దించి ఓసారి, ఎత్తి ఓసారి విన్నాడు. వాన పడితే ఎలా ఉంటుందో చూడాలని గడ్డికి నీళ్లు చిమ్మే స్ప్రింక్లర్‌ను కారు మీదికి తిప్పాడు. చుట్టుపక్కలవాళ్లు ఏమనుకుని ఉంటారో!

అసలు చిక్కు వేరే ఉంది. కార్లను వరసగా నిలిపితే వెనకాయనకు ముందు కారు టాపు తప్ప ఏమీ కనబడదు. అతను ముందు చక్రాల కింద దిమ్మలు పెట్టి చూశాడు. మూతి కాస్త పైకి లేస్తే ముందున్న కారు మీదుగా తెర కనిపిస్తుంది. అలా ఎంత ఎత్తాలి, వరసకూ వరసకూ ఎంత ఎడం ఉండాలి, ఇంకో కారుకు అడ్డం పడకుండా మధ్యలోంచి బయటికి ఎలా పోవాలి అన్నవి తేల్చుకుని, మట్టిని వంపు తిరిగిన వరసలుగా ఏటవాలు గట్లు కట్టించాడు. 1932 ఆగస్టులో పేటెంటుకు దరఖాస్తు పెట్టాడు. 1933 మే 16న వచ్చింది, నంబరు 19,09,537. థియేటర్ తెరవడానికి సరిగ్గా మూడు వారాల ముందు.

మన పల్లెల్లో టూరింగ్ టాకీసుకు బండ్లు కట్టుకుని వచ్చేవాళ్లు. వచ్చాక ఎడ్లను విప్పి, టికెట్ కొని, నేల మీదో బెంచీ మీదో కూర్చునేవాళ్లు. హోలింగ్స్‌హెడ్ చేసిన మార్పు ఆ ఒక్క మెట్టు దగ్గరే. బండి దిగొద్దన్నాడు.

కారుకు పావు డాలరు, మనిషికి పావు డాలరు. ఎంతమంది ఎక్కినా మొత్తం డాలరు దాటదు. పిల్లలు ఎంత అల్లరి చేసినా ఫర్వాలేదు, కుటుంబమంతా రండి అని ప్రకటనలు. ముస్తాబు అక్కర్లేదు, చంటిబిడ్డను ఎవరి దగ్గరా వదలక్కర్లేదు, చుట్ట కాలిస్తే కసిరేవాళ్లు లేరు. సుమారు 400 కార్లు పట్టే చోటు అది. ఇంత హడావుడీ చేసి మొదటిరోజు వేసింది అడాల్ఫ్ మెంజూ నటించిన ‘వైవ్స్ బివేర్’. అప్పటికే పాతబడ్డ బొమ్మ. పేరున్న కొత్త సినిమాలు ఇతనికి ఇవ్వడానికి డిస్ట్రిబ్యూటర్లు ఒప్పుకోలేదు. ఇచ్చిన పాతవాటికీ అద్దె దండిగా గుంజారు. కార్ల సంగతంతా ముందే లెక్కకట్టినవాడికి సినిమా వ్యాపారం మాత్రం కొరుకుడు పడలేదు.

మాటల సంగతి మరీ ఘోరం. కామ్‌డెన్‌లోనే ఉన్న ఆర్‌సీఏ విక్టర్ కంపెనీ తెర దగ్గర పెద్ద స్పీకర్లు పెట్టింది. వెనక వరసలకు పెదవి కదిలాక కాసేపటికి మాట వినిపించేది. టికెట్ కొనని చుట్టుపక్కల ఇళ్లకు మాత్రం సంభాషణలన్నీ ఉచితం. ఒక్కో కారుకు ఒక్కో చిన్న స్పీకర్ అన్న ఆలోచనతో అదే ఆర్‌సీఏ 1941లో ముందుకొచ్చింది. అప్పటికి కామ్‌డెన్ థియేటరే లేదు. నిండా మూడేళ్లు తిరిగేసరికి మూతపడింది.

ఇతను చేతులెత్తేసిన పని మాత్రం ఊరూరా పాకింది. 1934లో పెన్సిల్వేనియాలోని ఓర్‌ఫీల్డ్‌లో షాంక్‌వైలర్స్ డ్రైవ్-ఇన్ వచ్చింది. యుద్ధం ముగిశాక శివార్లలో చవక నేల, ఇంటికో కారు, ఇంటినిండా పిల్లలు. 1950లు ముగిసేనాటికి అమెరికాలో 4,000 పైచిలుకు డ్రైవ్-ఇన్‌లు. పేటెంటు ఉన్నన్నాళ్లూ వచ్చినవాటి నుంచి రాయల్టీ రావాల్సింది హోలింగ్స్‌హెడ్‌కు. కొందరు కట్టారు, కొందరు కోర్టుకు ఎక్కారు. 1949లో ఫెడరల్ అప్పీలు కోర్టు పేటెంటు చెల్లదని తేల్చేసింది. థియేటర్లలో నేలను ఏటవాలు చేయడం ఎప్పటినుంచో ఉన్నదే, ఇందులో కనిపెట్టిందేముంది అన్నది సారాంశం. చట్టం ప్రకారం అది సబబే కావచ్చు. అయినా ఏ నాటకశాల మేస్త్రీకీ తట్టనిది పాలిషు అమ్మేవాడికి తట్టిందంటే, కనిపెట్టడం అనక ఏమనాలి?

తర్వాత బులవార్డ్ కూడా దిగజారింది. బార్లు, మోటళ్లు, చీకటి వ్యాపారాలు వచ్చి చేరాయి. 2000లో ఫిలడెల్ఫియాలో రిపబ్లికన్ల మహాసభ జరిగినప్పుడు వచ్చేపోయేవాళ్ల కంట పడకూడదని ప్రభుత్వం ఆ భవనాలను కొని కూల్చింది. అదే రోడ్డు మీద 1927 నుంచీ ఉన్న సియర్స్ దుకాణం భవనాన్ని 2013లో పడగొట్టారు. మూడు వేసవులు మాత్రమే నడిచిన థియేటర్‌ను గుర్తుంచుకునేంత తీరిక ఆ రోడ్డుకు ఎక్కడిది? జనం నోట మిగిలింది ఒక్క కథే. హోలింగ్స్‌హెడ్ తల్లిది భారీ శరీరమని, హాలు కుర్చీల్లో పట్టక ఇబ్బంది పడేదని, ఆమె కోసమే ఇదంతా చేశాడని. ఎంతవరకు నిజమోగానీ, పెట్రోల్ బంకు కథ కంటే ఇదే అందరికీ నచ్చింది.

మిగతా డ్రైవ్-ఇన్‌ల వైభవమూ నిలవలేదు. వేసవిలో గడియారాలు గంట ముందుకు జరపడంతో ఆట మొదలయ్యేసరికి బాగా పొద్దుపోయేది. నేల ధరలు పెరిగాయి, వీడియో వచ్చింది. 1991లో హాజ్లెట్‌లోని రూట్ 35 డ్రైవ్-ఇన్ మూతపడ్డాక, డ్రైవ్-ఇన్‌కు పుట్టిల్లయిన న్యూజెర్సీలో ఒక్కటీ మిగల్లేదు. పదమూడేళ్లు అలాగే గడిచింది. 2004లో వైన్‌ల్యాండ్‌లో ఎప్పుడో 1987లో మూసేసిన డెల్సీ డ్రైవ్-ఇన్‌ను మళ్లీ తెరిచారు. పూనుకుని తెరిపించింది ఓ పిల్లల డాక్టరు. ఆయనా సినిమావాడు కాదు.