మీ తాతయ్య రంగంలో ఏం చేశాడు?

మ్యూనిక్‌లో ఉద్యోగాలు చేసే పిల్లల దగ్గరికి కాకినాడ నుంచి వెళ్ళొచ్చే అమ్మానాన్నలు ఇప్పుడు తక్కువేం కాదు. కోటలూ, సరస్సులూ, మంచుకొండలూ చూపించాక పిల్లలు కాస్త వెనకాముందాడుతూ అడుగుతారు... "డకావ్ కూడా చూస్తారా?" అని. ఊరికి ఇరవై కిలోమీటర్ల లోపే. టికెట్టు లేదు. చూడ్డానికి అందమైనదేమీ లేదు కూడా.

హిట్లర్ అధికారంలోకి వచ్చి రెండు నెలలు తిరక్కుండానే, 1933 మార్చిలో తెరిచిన నిర్బంధ శిబిరం అది. పన్నెండేళ్ళలో రెండు లక్షల మందికి పైగా మనుషుల్ని అక్కడ బంధించారు. కనీసం 41,500 మంది ప్రాణాలతో బయటికి రాలేదు. 1965లో దాన్ని స్మారక స్థలంగా తెరిచారు. ఇనుప గేటు, ముళ్ళ కంచె, చెక్క పడకల అరలు, శవాలు కాల్చిన పొయ్యిలు... అన్నీ చూడొచ్చు. ఆ పొయ్యిల దగ్గర ఒక పలక మీద మనకు తెలిసిన పేరు కనపడుతుంది. నూర్ ఇనాయత్ ఖాన్! బరోడా సంగీత విద్వాంసుడు ఇనాయత్ ఖాన్ కూతురు. బ్రిటన్ తరఫున పారిస్‌లో రహస్యంగా వైర్‌లెస్ నడిపిన అమ్మాయి. పట్టుబడ్డాక 1944 సెప్టెంబరు 13న మరో ముగ్గురు స్త్రీలతో పాటు ఆమెను అక్కడే కాల్చి చంపారు. అప్పటికామెకు ముప్ఫయ్యేళ్ళు.

మనం వెళితే చనిపోయినవాళ్ళని తలుచుకుని కళ్ళు తుడుచుకుంటాం. మరి అక్కడికి వచ్చే జర్మన్ల సంగతి? వాళ్ళ మనసులో ఇంకో ప్రశ్న ఉంటుంది. మా తాత ఈ కంచెకి ఏ పక్కన నిలబడ్డాడు?

కట్రిన్ హిమ్లర్ అనే ఆవిడ కథే చూడండి. నాజీ శిబిరాలన్నిటినీ నడిపించిన హైన్రిచ్ హిమ్లర్ ఈమె తాతకి స్వయానా అన్న. ఇంట్లో చెప్పుకునే మాట ఏమిటంటే... పెద్దాయన దుర్మార్గుడే కానీ, మన తాత ఎర్నెస్ట్ మాత్రం తన ఇంజనీరు ఉద్యోగం తను చేసుకున్న మనిషి, రాజకీయాల జోలికి పోలేదు అని. తండ్రి అడగ్గా ఆమె బెర్లిన్ దస్తావేజుల్లో తాత ఫైలు తీయించి చూసింది. ఆ తాత కూడా పార్టీ సభ్యుడే, అన్న పలుకుబడితో పైకొచ్చినవాడే! 2005లో ఆ సంగతులన్నీ పుస్తకంగా వేసింది. ఇంటి పరువు తీసిందన్నవాళ్ళకి అక్కడా కొదవుండదు కదా!

రంగం అంటే...

'ఇదంతా జర్మనీ వాళ్ళ గొడవ, మనకెందుకు' అనుకుంటున్నారా? ఒక్కసారి మీ ఇంట్లో పెద్దవాళ్ళని 'రంగం' అన్న మాట గురించి అడిగి చూడండి.

కాకినాడ, కోరంగి, తాళ్ళరేవు, పిఠాపురం చుట్టుపక్కల ఊళ్ళలో పాతతరం వాళ్ళకి రంగం అంటే రంగూన్. 'రంగం పోయాడు', 'రంగం డబ్బులు', 'రంగం పెట్టె'... అప్పట్లో ఇవి ఇంటింటి మాటలు. బర్మా వాళ్ళు తెలుగువాళ్ళందరికీ కలిపి పెట్టిన పేరు 'కోరంగీ'. మన కోరంగి రేవు పేరే. కాకినాడ రేవులో అప్పట్లో పెద్ద ఓడలు ఒడ్డుకి రాలేకపోయేవి. జగన్నాథపురం ఉప్పుటేరులోంచి పడవల మీద సముద్రంలోకి వెళ్ళి, దూరంగా లంగరేసిన స్టీమరు ఎక్కేవాళ్ళు. డెక్కు మీదే పడక, డెక్కు మీదే తిండి. 1931 జనాభా లెక్కల్లో బర్మాలో భారతీయులు పది లక్షల పైచిలుకు. వాళ్ళలో తెలుగువాళ్ళే లక్షన్నర దాటారు. రంగూన్ నగరంలో సగానికి పైగా జనం మనదేశం వాళ్ళే! ఓడల్లో బస్తాలు మోసిందీ, బియ్యం మిల్లుల్లో పనిచేసిందీ, రిక్షాలు లాగిందీ ఎక్కువగా మన తెలుగువాళ్ళు.

వాళ్ళని తీసుకెళ్ళింది ఎవరు? మేస్త్రీ. అతనూ మనవాడే. ఊళ్ళోకొచ్చి బయానా ఇచ్చేవాడు. ఓడ టికెట్టు తనే కొనేవాడు. ప్రోనోటు మీద వేలిముద్ర వేయించుకునేవాడు. అక్కడ కూలిడబ్బు నేరుగా కూలివాడి చేతికి రాదు. పెద్ద మేస్త్రీ, చిన్న మేస్త్రీ చేతులు దాటి, అప్పు కింద, వడ్డీ కింద, తిండి కింద కోతలు పోయాక మిగిలిందే అతనిది. ఆ మిగిలిందాంట్లోంచే ఇంటికి మనియార్డరు. అక్కడి వలస కూలీల వ్యవహారాలు చూసిన ఇ.జె.ఎల్. ఆండ్రూ అనే అధికారి 1933లో అచ్చు వేసిన పుస్తకంలో ఈ మేస్త్రీల పద్ధతీ, ఊపిరాడని కూలి లాడ్జీల సంగతీ వివరంగా ఉన్నాయి.

ఇక్కడే మన ప్రశ్న మొదలవుతుంది. రంగం వెళ్ళిన తాతయ్య బస్తా మోశాడా? మోయించాడా?

మేస్త్రీని నాజీ అధికారితో పోల్చడం అన్యాయం. అది శిబిరం కాదు, ఇది హత్యా కాదు. ఊళ్ళో కరువుకి తాళలేక, కులం పేరున పడే అవమానాలు భరించలేక తమంతట తామే ఓడెక్కినవాళ్ళూ బోలెడుమంది. మేస్త్రీల్లోనూ నిన్నటిదాకా బస్తాలు మోసినవాళ్ళున్నారు. కానీ 'మా తాతగారు రంగంలో వ్యాపారం చేసి సంపాదించారు' అనే ఒక్క ముక్కతో కథ ముగించేస్తే ఎలా? వీధి తలుపులకున్న బర్మా టేకు, మామ్మ మెడలో చంద్రహారం ఎవరి కూలిలో కోతలు కోస్తే వచ్చాయో అడగడం తప్పు కాదు. కట్రిన్ హిమ్లర్ అడిగిందీ అటువంటి ప్రశ్నే.

ఆ ఏడాది ఏం జరిగింది?

యుద్ధానికి ముందే అక్కడ నిప్పు రాజుకుంది. 1930 మే నెలలో కూలి పెంచమని తెలుగు రేవు కూలీలు సమ్మె చేస్తే, వాళ్ళ స్థానంలో బర్మా కూలీలని పెట్టారు. సమ్మె తీరాక వాళ్ళని వెళ్ళిపొమ్మన్నారు. దాంతో చెలరేగిన అల్లర్లలో వందమందికి పైగా చచ్చిపోయారు. ఎక్కువమంది మనవాళ్ళే.

తర్వాత 1941 డిసెంబరు 23న రంగూన్ మీద జపాన్ బాంబులు పడ్డాయి. మార్చి 8కల్లా నగరం జపాన్ చేతికి వెళ్ళింది. ఓడ దొరికినవాళ్ళు ఓడెక్కారు. దొరకనివాళ్ళు నడిచారు. అరకాన్ కొండలు దాటి చిట్టగాంగుకి కొందరు, తాము మీదుగా మణిపూర్‌కి కొందరు, ఇంకా పైన హుకాంగ్ లోయలోంచి అస్సాముకి కొందరు. దాదాపు అయిదు లక్షల మంది అలా మనదేశం చేరారు. దారిలో కలరాకీ, మలేరియాకీ, ఆకలికీ రాలిపోయినవాళ్ళ లెక్క సరిగా ఎవరి దగ్గరా లేదు. పదివేలనేవాళ్ళు ఉన్నారు, యాభై వేలనేవాళ్ళూ, అంతకు మించి అనేవాళ్ళూ ఉన్నారు. మంచి దారులు తెల్లవాళ్ళకీ, చెడ్డ దారులు నల్లవాళ్ళకీ వదిలారన్న ఆరోపణ అప్పుడే పెద్ద దుమారం లేపింది.

అదే ఏడాది ఏప్రిల్ 6న జపాన్ విమానాలు మన కాకినాడ రేవు మీదా, విశాఖపట్నం మీదా కూడా బాంబులు వేశాయి. అప్పట్లో విశాఖలో పడిన బాంబు తొడుగు ఒకటి బీచి రోడ్డులోని విశాఖ మ్యూజియంలో ఇప్పటికీ ఉంది. పిల్లల్ని తీసుకెళితే దాని ముందు ఫోటో దిగి వచ్చేస్తాం. అక్కడ ఓ నిమిషం ఆగి, 'ఆ రోజుల్లోనే మన ముత్తాత బర్మా అడవుల్లో నడుస్తున్నాడురా' అని చెప్పగలిగే ఇళ్ళు మన జిల్లాలో ఎన్ని లేవు!

బొట్టు ఉంచుకోవాలా, తీసేయాలా?

రంగం వెళ్ళినవాళ్ళలో ఆడవాళ్ళు చాలా తక్కువ. మగవాడు వెళితే ఇల్లాలు ఇక్కడే. అత్తగారికి చాకిరీ, పొలం పని, పిల్లలు, మేస్త్రీ ఇంటి అప్పు. మనియార్డరు వస్తే పండగ. 1942లో ఆ మనియార్డర్లూ, ఉత్తరాలూ ఒక్కసారిగా ఆగిపోయాయి. బతికున్నాడో, దారిలో పోయాడో చెప్పేవాళ్ళు లేరు.

అప్పుడామె ఎవరు? ముత్తయిదువా, కాదా? ఏడేళ్ళపాటు కబురు లేకపోతే మనిషి పోయినట్టు భావించవచ్చని 1872 నాటి సాక్ష్యాల చట్టం అంది. మన ఆచారమేమో పన్నెండేళ్ళు చూడమంది. పన్నెండేళ్ళయ్యాక దర్భలతోనో, మోదుగాకులతోనో బొమ్మ చేసి దహనం చేసి అప్పుడు కర్మ చేయమంది. పాతికేళ్ళైనా నిండని పిల్ల పన్నెండేళ్ళు వాకిట్లోకి చూస్తూ, పేరంటానికి పిలుస్తారో పిలవరో అని వేచి చూస్తూ గడపాలన్నమాట. ఆ పన్నెండేళ్ళ గురించి ఏ మ్యూజియంలోనూ పలక ఉండదు.

ఇంకో సంగతీ ఉంది. ఇళ్ళలో దీన్ని గుసగుసగానే చెప్పుకుంటారు. ఏళ్ళ తరబడి అక్కడే ఉండిపోయిన మగవాళ్ళు కొందరు బర్మా స్త్రీలతో కాపురాలు పెట్టారు. పిల్లలూ పుట్టారు. యుద్ధంలో పారిపోయి వచ్చినప్పుడు వాళ్ళని వదిలేసి వచ్చినవాళ్ళున్నారు, వెంట తెచ్చుకున్నవాళ్ళూ ఉన్నారు. 'ఫోటోలో పక్కనున్న ఆవిడెవరు మామ్మా?' అంటే మామ్మ ఫోటో తిప్పి పెట్టేసేది అందుకే కావచ్చు. ఇక్కడి ఇల్లాలిదీ కష్టమే, అక్కడ దిక్కులేకుండా మిగిలిపోయిన ఆవిడదీ కష్టమే. తాతయ్యని తప్పుపడితే మామ్మ బాధపడుతుందని మనం ఊరుకుంటాం. చాలాసార్లు మామ్మ ఎదురుచూసేది ఎవరైనా అడిగితే బావుండునని!

రెండో వలస సంగతి ఇప్పటివాళ్ళకి కాస్త తెలుసు. 1962లో బర్మాలో సైనిక ప్రభుత్వం వచ్చాక, 1964లో దుకాణాలు జాతీయం చేసి, పెద్ద నోట్లు రద్దు చేయడంతో లక్షల మంది భారతీయులు నగలూ నట్రా అక్కడే వదిలి తిరిగొచ్చారు. విశాఖ కంచరపాలెం దగ్గర బర్మా క్యాంపు అలా వెలిసిందే.

వంతెన మీద ఫోటో

బ్యాంకాక్ ప్యాకేజీ టూర్లకి మన ఊళ్ళనుంచీ వెళుతున్నారు. అక్కడికి సుమారు 130 కిలోమీటర్ల దూరంలో కాంచనబురి ఉంది. వీలైతే ఓ రోజు షాపింగు మానుకుని అక్కడికి వెళ్ళండి. 1942-43లో జపాన్ సైన్యం థాయ్‌లాండ్ నుంచి బర్మాకి 415 కిలోమీటర్ల రైలుమార్గం వేసింది. చావు రైలు అని దానికి పేరు. అరవై వేల మందికి పైగా యుద్ధ ఖైదీల చేత పనిచేయించారు. వాళ్ళలో పన్నెండు వేల మందికి పైగా చనిపోయారు. వాళ్ళ సమాధులు పచ్చిక మధ్య వరసగా, ఒక్కొక్కటీ పేరుతో, వయసుతో ఉంటాయి. కాంచనబురిలోని పెద్ద స్మశానంలోనే దాదాపు ఏడు వేలు.

మరి మిగిలినవాళ్ళు? మలయా రబ్బరు తోటల నుంచీ, బర్మా నుంచీ, జావా నుంచీ తోలుకొచ్చిన ఆసియా కూలీలు రెండు లక్షల దాకా ఉంటారని అంచనా. తోటల నుంచి వచ్చినవాళ్ళలో ఎక్కువమంది తమిళులు. విశాఖ, గోదావరి జిల్లాల నుంచి మలయా వలస వెళ్ళిన తెలుగువాళ్ళూ వాళ్ళలో కలిసే ఉన్నారు. చనిపోయినవాళ్ళు తొంభై వేల వరకూ ఉంటారంటారు. సైనికులకి వెంట డాక్టర్లున్నారు, పేర్లు రాసిపెట్టే అధికార్లున్నారు. కూలీలకి ఎవరూ లేరు. కలరా వస్తే గుంటలో వేసి పూడ్చేశారు. ఆ రైలు వంతెన మీద 1957లో వచ్చిన ఇంగ్లీషు సినిమాకి ఏడు ఆస్కార్లు వచ్చాయి. అందులోనూ ఈ కూలీల కథ లేదు. పక్కనే ఉన్న శ్రీలంకలో తీసిన సినిమా అది!

అంటే చనిపోయినవాళ్ళ విషయంలోనూ లెక్క పెట్టినవాళ్ళే మిగిలారు. మనవాళ్ళ పేర్లు మన ఇళ్ళలోనే వెతకాలి.

వెతకడం ఎలాగంటారా? ముందు అటక మీది రంగం పెట్టె దింపండి. ప్రోనోట్లు, ఓడ టికెట్లు, మనియార్డరు రసీదులు, లక్క డబ్బాలు... ఏదీ చెత్త అనుకోవద్దు. ఫోటోల వెనక స్టూడియో ముద్ర ఉంటుంది. ఊరూ, వీధీ దొరుకుతాయి. ఫోటోలో ఉన్నది ఎవరో పెద్దవాళ్ళని అడిగి వెనక పెన్సిలుతో రాయండి. పెన్నుతో రాస్తే సిరా ఇవతలికి దిగుతుంది. మేనత్తల్ని మర్చిపోవద్దు. అన్నదమ్ములకి ఆస్తి లెక్కలు తెలిస్తే ఆడపడుచులకి మనుషుల లెక్కలు తెలుస్తాయి. ఎదురుగా కూర్చోబెట్టి పరీక్ష పెట్టినట్టు అడిగితే ఎవరూ చెప్పరు. చింతపండు ఈనెలు తీస్తూనో, మధ్యాహ్నం నడుం వాల్చినప్పుడో అడగండి. సెల్‌ఫోనులో రికార్డు చేస్తున్నట్టు మాత్రం ముందే చెప్పండి. చెప్పొద్దన్నది చెప్పొద్దన్నట్టే ఉంచండి. తాతయ్య మేస్త్రీ అని తేలితే, ఆయన తీసుకెళ్ళిన ఊళ్ళేమిటో కూడా రాసుకోండి. ఆ ఊళ్ళలోనూ తమ తాతల కోసం వెతుకుతున్నవాళ్ళు ఉంటారు.

ఢిల్లీలోని జాతీయ దస్తావేజుల సంస్థ పాత ఫైళ్ళని 'అభిలేఖ్ పటల్' పేరుతో ఇంటర్నెట్‌లో ఉచితంగా పెట్టింది. బర్మా వలసల కాగితాలు అందులో వెతకొచ్చు. కాకినాడ అని ఇప్పటి స్పెల్లింగు కొడితే పెద్దగా రాకపోవచ్చు. తెల్లదొరలు రాసినట్టు 'కొకనాడ' అని, 'సి' అక్షరంతో మొదలుపెట్టి కొట్టండి. మనుషుల కోసమైతే తెలుగు అని కాదు, కోరంగీ అని వెతకండి.