తాతయ్యకో చప్పిడి గిన్నె!

రాత్రి ఎనిమిదిన్నర. అందరూ భోజనాలకు కూర్చున్నారు. బల్ల మీద దోసకాయ పప్పు, వంకాయ వేపుడు, చారు, వేయించిన వడియాలు, పక్కనే ఆవకాయ జాడీ. వాటన్నిటికీ కాస్త ఎడంగా రెండు చిన్న స్టీలు గిన్నెలు.

'మామయ్యగారూ, మీ పప్పూ కూరా ఆ చిన్న గిన్నెల్లో ఉన్నాయండీ.'

'చూశానమ్మా...'

తాతయ్య రెండు ముద్దలు తింటారు. జాడీ వైపు ఓసారి, కోడలి వైపు ఓసారి చూస్తారు. మూడో ముద్దకి మజ్జిగ పోసేసుకుంటారు. మనవడు వడియం కరకరలాడిస్తూ 'నీకెందుకు తాతయ్యా ఉప్పు వెయ్యరు?' అంటాడు. 'నాకు బీపీ కదరా' అంటారాయన. అర్ధరాత్రి వంటింట్లో జాడీ మూత చప్పుడు వినిపిస్తే అది పిల్లి పని కాదని ఇంట్లో అందరికీ తెలుసు!

బీపీ మనిషి ఉన్న చాలా ఇళ్లలో ఇదే వరస. ఇంతకీ ఆ కోడలు మరెవరో కాదు, ఈ వ్యాసం రాస్తున్న నేనే. రెండేళ్లపాటు మామయ్యగారికి విడిగా వండిపెట్టాను. బాధ్యతగా చేస్తున్నాననే అనుకున్నాను. ఆ రెండేళ్లలో ఆయన రక్తపోటు తగ్గలేదు. మాత్రలు ఒకటి నుంచి మూడయ్యాయి. అన్నిటికంటే బాధ కలిగించింది ఇంకోటి... ఆయన నెమ్మదిగా మాతో కూర్చుని తినడం మానేశారు. 'మీరు కానివ్వండి, నేను తర్వాత తింటాలే' అనేవారు.

డాక్టరు చెప్పింది 'ఉప్పు తగ్గించండి' అని. మనం దాన్ని 'పథ్యం పెట్టండి' అని అర్థం చేసుకుంటాం. మనకు అలవాటైన పద్ధతి అదే మరి! పచ్చకామెర్లొస్తే పథ్యం, బాలింతకు పథ్యం. కానీ పథ్యానికి ఓ గడువుంటుంది. కొన్నాళ్లు నోరు కట్టుకుంటే తర్వాత అన్నీ మామూలే. బీపీకి అలాంటి గడువు లేదు. ఇరవయ్యేళ్లపాటు పూటపూటా, పక్కవాళ్లు పచ్చడి నంజుకుంటుంటే, ఒక్కరే చప్పిడి కూడు తినాలంటే ఎవరి తరం? మూడో నెలకల్లా జాడీ మూత దానంతటదే లేస్తుంది.

ఎవరికి ఎక్కువ?

పెద్దవాళ్లకు రోజుకు 5 గ్రాములకు మించి ఉప్పు వద్దంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. గోపురంలా కాకుండా సమంగా నింపిన ఒక టీస్పూను అన్నమాట. పప్పు, కూర, చారు, పెరుగన్నం, పచ్చడి, సాయంత్రం మిక్చరు... అన్నిట్లో కలిపి అంతే. మరి మనం తింటున్నదెంత? మూత్ర పరీక్షల ఆధారంగా లెక్కగట్టి 2023లో ప్రచురించిన జాతీయస్థాయి అధ్యయనం ప్రకారం దేశ సగటు సుమారు 8 గ్రాములు. అంతకుముందు ఆంధ్రప్రదేశ్‌లో చేసిన ఒక అధ్యయనంలోనైతే అది తొమ్మిదిన్నర గ్రాముల దాకా తేలింది.

అంటే ఉప్పు ఎక్కువైంది తాతయ్యకొక్కరికే కాదు. ఆయన గిన్నెలో తగ్గించి, మిగతా నలుగురి కంచాల్లో ఎప్పటిలాగే వడ్డిస్తున్నాం. ఇంకో పదేళ్లకో పదిహేనేళ్లకో ఆ చిన్న గిన్నె మా వారి ముందుకొస్తుంది... అంతే తేడా!

ఒంట్లో ఉప్పు పెరిగితే అది నీటిని పట్టి ఉంచుతుంది. రక్తనాళాల్లో ప్రవహించే ద్రవం పెరుగుతుంది, గోడల మీద ఒత్తిడి పెరుగుతుంది. అదనపు ఉప్పును బయటికి పంపాల్సిన మూత్రపిండాలకు పని ఎక్కువవుతుంది. ఇదంతా ఏళ్లతరబడి చడీచప్పుడూ లేకుండా సాగిపోతుంది. తలనొప్పి లేదు కాబట్టి బీపీ లేదనుకోవడం పెద్ద పొరపాటు. చాలామందికి పక్షవాతమో గుండెపోటో వచ్చాకే ఆ సంగతి బయటపడుతుంది. 'వయసు పెరిగితే బీపీ రాదా ఏం?' అంటుంటారు. 1988లో వెలువడిన ఓ పెద్ద అధ్యయనంలో 32 దేశాల్లో 52 చోట్ల పదివేల మందికి పైగా జనాన్ని పరీక్షించారు. వాళ్లలో బ్రెజిల్ అడవుల్లోని యానొమామి తెగవాళ్లూ ఉన్నారు. ఉప్పు దాదాపుగా ఎరగని ఆ మనుషులకు వయసు పెరిగినా రక్తపోటు పెరగలేదు.

పొట్లం మీద తేదీ

మీ ఇంట్లో ఎంత ఉప్పు ఖర్చవుతోందో తెలుసుకోవడానికి ఏ పరీక్షా అక్కర్లేదు. కొత్త పొట్లం విప్పిన రోజు దాని మీద పెన్నుతో తేదీ వేయండి. తలా 5 గ్రాముల లెక్కన నలుగురున్న ఇంట్లో కిలో ఉప్పు 50 రోజులు రావాలి, ఐదుగురుంటే 40 రోజులు. దిష్టి తీయడానికి, ఆకుకూరలు కడగడానికి వాడేది ఈ లెక్కలోంచి తీసేయండి. పచ్చళ్లు, అప్పడాలు, బయట కొన్న చిరుతిళ్లు మాత్రం దీనికి అదనం. మా ఇంట్లో ఐదుగురం. మొదటి పొట్లం 22 రోజులకే ఖాళీ! తలా తొమ్మిది గ్రాములు. నమ్మబుద్ధి కాక రెండో పొట్లం మీదా తేదీ వేశాను. అదీ అంతే.

పాశ్చాత్య దేశాల్లో ఉప్పులో ఎక్కువ భాగం బ్రెడ్డు, డబ్బాల్లో వచ్చే తిళ్ల ద్వారా చేరుతుంది. అక్కడ కంపెనీలు తగ్గిస్తే తప్ప జనం చేతుల్లో ఉండేది తక్కువ. మనకలా కాదు. మన ఉప్పు చాలావరకు పొయ్యి మీది గిన్నెలోనే పడుతోంది. అంటే తాళంచెవి వంటింట్లోనే ఉంది.

పచ్చడి సంగతి వేరే చెప్పాలి. కిలో మామిడి ముక్కలకు తలా 200 గ్రాముల చొప్పున ఉప్పు, కారం, ఆవపిండి, పైన నూనె... అంతా కలిపి రెండు కిలోలయిందనుకుంటే అందులో పదోవంతు ఉప్పే. కంచంలో 20 గ్రాముల ఆవకాయ వేసుకుంటే 2 గ్రాముల ఉప్పు తిన్నట్టే. రెండు పూటలా వేసుకుంటే మరో చిటికెడు తేడాతో రోజు కోటా మొత్తం పచ్చడిలోనే! అలాగని జాడీలో ఉప్పు తగ్గించారో, బూజు పడుతుంది. అక్కడ ఉప్పు రుచికే కాదు, నిల్వకీ కావాలి. కాబట్టి తగ్గించాల్సింది జాడీలో కాదు, కంచంలో. మేం జాడీని భోజనాల బల్ల మీంచి తీసేశాం. వారంలో మూడుసార్లు చిన్న గిన్నెలోకి కాస్త తీసి పెడతాం. అది మామయ్యగారికి కూడా. డాక్టరుగారిని అడిగే మొదలుపెట్టాం.

నాలుక మాట వింటుంది

ఒక్కసారిగా సగం తగ్గిస్తే ఇల్లంతా తిరగబడుతుంది. మా ఇంట్లో అది కూడా అయింది! తర్వాత దారి మార్చాను. వేసే ఉప్పులో పదోవంతు తగ్గించాను, ఎవరికీ చెప్పలేదు. రెండు మూడు వారాలు ఆగి మరికాస్త. ఉప్పు తగ్గించుకుంటూ పోతే కొన్ని వారాల్లో నాలుక దానికి అలవాటు పడుతుందని పరిశోధకులు ఎప్పుడో గమనించారు. పెరుగన్నంలో, మజ్జిగలో, చపాతీ పిండిలో మానేసినా ఎవరూ పట్టుకోలేదు. తాలింపులో ఇంగువ, వెల్లుల్లి, కరివేపాకు దండిగా వేస్తే కూర బోసిగా అనిపించదు. జామకాయకు ఉప్పూకారం అద్దుకునే మా అబ్బాయి మాత్రం ఇంకా మారలేదు!

గులాబీరంగు రాతి ఉప్పు కొంటే బీపీ రాదనేవాళ్లున్నారు. ధర పెరుగుతుందేమో గానీ, అందులోనూ ఉండేది దాదాపు అంతే సోడియం. పైగా అయోడిన్ కలపని ఉప్పయితే ఇంకో చిక్కు. పొటాషియం కలిపిన తక్కువ సోడియం ఉప్పు సంగతి అలా కొట్టిపారేయలేం. చైనాలో 600 పల్లెల్లో, సుమారు 21 వేలమందితో చేసిన అధ్యయనం ఫలితాలు 2021లో వచ్చాయి. ఆ ఉప్పు వాడినవాళ్లలో పక్షవాతం 14 శాతం తగ్గింది. అయితే మూత్రపిండాల జబ్బున్నవాళ్లకు, కొన్నిరకాల బీపీ మాత్రలు వేసుకునేవాళ్లకు ఇది ప్రమాదం. రక్తంలో పొటాషియం పెరిగి గుండె లయ తప్పొచ్చు. కిడ్నీ జబ్బులతో అల్లాడుతున్న ఉద్దానంలాంటి ప్రాంతాలున్న మనం ఈ మాట మరిచిపోకూడదు. డాక్టరును అడక్కుండా వాడొద్దు. అలాగే ఉప్పు తగ్గించాం కదా అని మాత్రలు సొంతంగా ఆపేయకూడదు. విరేచనాలై నీరసించినప్పుడు బీపీ ఉంది కదా అని ఓఆర్ఎస్ మానేయడమూ తప్పే.

ఇప్పుడు మా ఇంట్లో కిలో పొట్లం 33 రోజులొస్తోంది. 40కి ఇంకా చేరలేదు. మామయ్యగారి మాత్రలు ఆగిపోలేదు గానీ, బీపీ మాత్రం అదుపులోకొచ్చింది. చిన్న గిన్నెలు రెండూ అల్మరాలోకి వెళ్లాయి. ఎనిమిదిన్నరకు ఆయనే ముందొచ్చి కూర్చుంటున్నారు.

మొన్న ఎండాకాలం ఆవకాయ పెట్టేటప్పుడు అత్తయ్యగారికీ నాకూ చిన్న పేచీ వచ్చింది. చివరికి పాతిక కాయలకు బదులు పది కాయలకు ఒప్పుకున్నారు. ఉప్పు కొలత దగ్గర మాత్రం 'నువ్వు ఇవతలికి రా అమ్మాయ్' అని నన్ను చెయ్యి పెట్టనివ్వలేదు.